ఆదికిచ్చిన చొక్కా

“ఈ చొక్కా వాడిది కాదేమోనే. నాకెందుకో భయంగా ఉంది.”

బల్ల మీద పరిచిన నీలం గళ్ళ చొక్కాను మాస్టరు అప్పటికే చాలాసార్లు అటూ ఇటూ తిరగేశాడు. గుమ్మం దగ్గర చీరకు ఫాల్ కుడుతున్న భార్య తలెత్తకుండానే అంది.

“మీకు ప్రతి చొక్కా మీదా అనుమానమే. నిరుడు ఎవరికో ఒక భుజం కిందికి జారిందని తేల్చారు. పాపం ఆయన బరువు సంచీ తగిలించుకుని నిలబడ్డాడు.”

“అది వేరు. ఇది చూడు. కాలరు లోపల చెమట గీత లేదు. మోచేతుల దగ్గర ముడత లేదు. మనిషి తొడిగిన చొక్కాలా లేదు, షాపులో బొమ్మకి తొడిగినట్టుంది.”

“కొత్తదై ఉంటుంది. పెళ్ళి కాబోయేవాడు కొత్త చొక్కా కొనుక్కుంటే తప్పా?”

తప్పని మాస్టరు అనలేదు. కానీ సుద్దముక్క చేతిలోకి తీసుకోవడానికి మనసు ఒప్పలేదు.

మా వీధిలో ఆయన్ని కోట్ల మాస్టరు అంటారు. కోట్లు కుట్టేవాడే తప్ప కోట్లున్నవాడు కాదని చందాలకొచ్చినవాళ్ళకు భార్య నవ్వుతూ చెప్పి పంపుతుంటుంది. ఇంటి ముందుగదే దుకాణం. రెండు కుట్టుమిషన్లు, ఓ పొడుగాటి బల్ల, అంచుల్లో నల్లమచ్చలు పడ్డ నిలువుటద్దం, దాని పక్కనే ఇస్త్రీపెట్టె. గోడకు కొట్టిన మేకులకు పెళ్ళికొడుకులందరూ వేలాడుతూ ఉంటారు, తలలు లేకుండా.

ఆయన పని నేర్చుకున్న రోజుల్లో లెక్క సులువు. పీటల మీద పంచె, కండువా. సాయంత్రం సూటు, టై. ఎండలు మండిపోతున్నా సూటే. పెళ్ళికొడుకు చెమటతో తడిసి ముద్దవుతుంటే పక్కన తోడల్లుడో బావమరిదో చేతిగుడ్డ పట్టుకుని నిలబడేవాడు. తర్వాత సఫారీలు వచ్చాయి, పోయాయి. ఇప్పుడు మోకాళ్ళు దాటే షేర్వానీలు. వాటి మెడ చుట్టూ పూసలు, ఛాతీ నిండా జరీ, భుజం మీద అదే గుడ్డతో కండువా. షేర్వానీ కుట్టడం ఆయనకు ఎవరూ నేర్పలేదు. ఒకసారి చంకలో చిరిగినది బాగుకి వస్తే, ఆ వంకన కుట్లన్నీ విప్పి, ఏ ముక్క ఎక్కడ అతికిందో చూసి, మళ్ళీ కుట్టి నేర్చుకున్నాడు. బాగు చేయడానికి ఇంత ఆలస్యమా అని ఆ మనిషి కేకలు వేస్తే వినీ విననట్టు ఊరుకున్నాడు.

ఆయన పనిలో పట్టుదల ఒకటే. కోటుకి ఆది పుచ్చుకోడు. జాకెట్టు కుట్టించుకోవాలంటే పాత జాకెట్టు, చొక్కా కావాలంటే పాత చొక్కా ఆదిగా ఇచ్చేసి వెళ్ళిపోవడం అందరికీ అలవాటే. కోటుకి మాత్రం మనిషే రావాలి. వచ్చినవాణ్ణి అద్దం ముందు నిలబెట్టి, నడుముకు టేపు చుట్టబోతూ ఏదో ఒక పిచ్చి ప్రశ్న అడుగుతాడు. “పెళ్ళికూతురు మొదటిసారి మిమ్మల్ని చూసి ఏమంది?” అనో, “మామగారు మీకంటే పొడుగా?” అనో. టేపు చూడగానే పొట్ట లోపలికి లాక్కోని మగవాడు లేడని ఆయన సిద్ధాంతం. నవ్వితే ఊపిరి వదులుతారు. అప్పుడు టేపు బిగిస్తాడు.

ఇంత పట్టున్న మనిషి ఈ ఒక్క కోటుకి ఆది ఎందుకు పుచ్చుకున్నాడంటే, అడిగింది అక్క.

తండ్రి పోయి, చదువు ఆగిపోయి, రోడ్ల వెంట తిరుగుతున్న తమ్ముణ్ణి రెక్క పట్టుకుని తీసుకెళ్ళి ఒక కుట్టు దుకాణంలో కూర్చోబెట్టింది ఆవిడే. అప్పటికి ఆవిడకు పెళ్ళై ఏడాది కూడా కాలేదు. అత్తింటివాళ్ళు ఏమనుకుంటారోనన్న జంకు కూడా లేకుండా రోజూ అన్నం కట్టి పంపేది. తర్వాత ఇన్నేళ్ళలో తమ్ముణ్ణి ఒక్కటీ అడగలేదు. కొడుకు పెళ్ళి కుదిరాక మాత్రం వచ్చి కూర్చుంది.

“వాడు ఏదో పెద్ద షాపులో రెడీమేడు కొనుక్కుంటానన్నాడు. వల్లకాదన్నాను. మా తమ్ముడి చేతి కోటు వేసుకుని నిలబడితేనే నేను పక్కన నిలబడతానన్నాను. వియ్యాలవారితో కూడా చెప్పేశాను. వాళ్ళు పెళ్ళికూతురి చీరకి సరిపడే జరీ గుడ్డ పంపించారు. ఇదిగో.”

గుడ్డ బాగుంది. కానీ ఉన్నది ఒక్క కోటుకి, ఒక కండువాకి సరిపడా. షాపులో తాను అయిపోయిందట, మళ్ళీ దొరకదట.

“వాణ్ణి ఒకసారి పంపించక్కా.”

“వాడికి సెలవెక్కడిదిరా? పెళ్ళికి ముందురోజు దిగుతాడు. ఆది తెచ్చాగా.”

అలా వచ్చింది ఆ నీలం గళ్ళ చొక్కా.

అనుమానం తీరక మాస్టరు అక్కకు ఫోన్ చేశాడు.

“అక్కా, ఈ చొక్కా వాడు రోజూ వేసుకునేదేనా?”

“రోజూ వేసుకునేవి మసిగుడ్డల్లా ఉంటాయిరా. అలాంటిది నీ బల్ల మీద పెడతానా, నలుగురూ వచ్చిపోయే చోట? మంచిదే ఇచ్చాను.”

“మంచిదా కాదా అని కాదక్కా. వాడికి సరిపోతుందా అని.”

“వాడి బీరువాలోంచే తీశాను. నా కొడుకు చొక్కా నాకు తెలీదా? నీకు కుట్టే ఉద్దేశం లేకపోతే చెప్పు, వాడన్నట్టే కొనుక్కుంటాడు. నేనే నోరు జారానని ఒప్పుకుంటాను.”

“అలా కాదక్కా...”

“ఉంటాను. పొయ్యి మీద పాలున్నాయి.”

అక్కకు వాదన ఇష్టం లేనప్పుడల్లా పొయ్యి మీద పాలుంటాయి.

ఇక మేనల్లుడు. ఎప్పుడు చేసినా “మీటింగులో ఉన్నా మావయ్యా” అనే మాటే వినిపించేది. పెళ్ళి చేసుకోబోయేవాడికి ఇన్ని మీటింగులేమిటో మాస్టరుకు అర్థం కాలేదు. చివరికి ఒక మధ్యాహ్నం దొరికాడు.

“నీలం గళ్ళదా?” అన్నాడు. “ఆఁ... నా సైజే మావయ్యా. దాన్ని బట్టే కానిచ్చెయ్.”

“అక్కడే ఎవరైనా టైలరు చేత కొలతలు తీయించి చెప్పరా.”

“ఇక్కడ టైలర్లెవరున్నారు మావయ్యా, అన్నీ ఆన్‌లైనే. కావాలంటే నా దగ్గర స్కేలుంది, కొలిచి పంపనా?”

“స్కేలుతో గోడని కొలుస్తారు. ఒక్క మాట చెప్పు. ఆ చొక్కా వేసుకుంటే గుండీలు పడతాయా?”

“పెళ్ళినాటికి పడతాయి మావయ్యా. సరే, పిలుస్తున్నారు, ఉంటా.”

“పెళ్ళినాటికి” అన్న మాట ఫోన్ పెట్టేశాక గానీ మాస్టరు చెవికి ఎక్కలేదు. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు. సాయంత్రం చేశాడు. ఎత్తలేదు.

“అదేంటే, పెళ్ళినాటికి పడటమేంటి?” అని భార్యను అడిగాడు.

“తినడం తగ్గించాడేమో. మీరూ తగ్గిస్తే మీకూ పడతాయి,” అందావిడ కాజాలు కుడుతూ.

ఆయన చిక్కు చిన్నది కాదు. చొక్కాను నమ్మి కోస్తే కోటు బిగుసుకుపోవచ్చు. నమ్మకుండా వదులుగా కోస్తే, చొక్కా నిజంగా వాడిదే అయితే, కోటు వాడి మీద గోనెసంచీలా వేలాడుతుంది. అప్పుడు వాడు “అందుకేనమ్మా రెడీమేడు అన్నాను” అంటాడు, వియ్యాలవారి ముందు అక్క తల దించుకుంటుంది. పోనీ బిగుతుగా కుట్టి తర్వాత వదులు చేద్దామంటే, ఈ జరీ గుడ్డలో ఒకసారి సూది దిగితే ఆ చిల్లులు అలాగే కనిపిస్తాయి. వదులుగా కుట్టి బిగించాలన్నా భుజాల దాకా విప్పి మళ్ళీ కోయాలి, ఒక్కరోజులో తెమిలే పని కాదు. ఎటు చూసినా గోడే.

ఈ మధ్యలో పెళ్ళివారి బట్టలన్నీ ఆయన నెత్తినే పడ్డాయి. పెళ్ళికొడుకు స్నేహితులు గుంపుగా వచ్చి అందరికీ ఒకే రంగు కుర్తాలు కావాలన్నారు. ఫోటోల్లో ఒక్కలా ఉండాలట. రంగు ఏదంటే ఒకడు ఫోను చూపించాడు. ఇంకొకడి ఫోనులో అదే బొమ్మ వేరే రంగులో ఉంది. ఒకడు గులాబీ అంటాడు, ఒకడు ఇటుక అంటాడు. బయటి వెలుతురులో చూస్తే మూడో రంగు. “ముందు మీలో మీరు పెళ్ళి కుదుర్చుకుని రండి బాబూ,” అని పంపించేశాడు.

ఒకావిడ తన చీర అంచు కత్తిరించి తెచ్చి, దానికి జోడీగా మొగుడికి కుర్తా కుట్టమంది. “ఆయనకి ఇష్టమేనా తల్లీ?” అంటే, “ఆయన ఇష్టాయిష్టాలు పెళ్ళైన కొత్తలోనే అయిపోయాయి మాస్టారూ,” అంది. వెనక నిలబడ్డ ఆ మొగుడు గోడ మీద కోట్ల వంక చూస్తూ ఉండిపోయాడు.

ఆఖరికి బావ కూడా వచ్చాడు, పెళ్ళికొడుకు తండ్రి.

“బావమరిదీ, నాకూ ఒక సూటు.”

“ఈ ఎండల్లో మీకు సూటెందుకు బావా? పంచె కట్టుకుని హాయిగా తిరగండి.”

“నా పెళ్ళికి సూటు కుట్టించలేదు మా నాన్న. ఒక్కపూటకి దండగ అన్నాడు. కొడుకు పెళ్ళికైనా వేసుకోనీరా.”

ఆయన పొట్ట లోపలికి లాక్కోలేదు. ఎలా ఉందో అలా వదిలేసి నిలబడ్డాడు. ఆ వారంలో మాస్టరుకు ప్రాణం కుదుటపడి తీసిన కొలతలు అవి ఒక్కటే.

రోజులు దగ్గరపడ్డాయి. ఇక ఆగితే పని తెమలదని ఒక ఉదయం గళ్ళ చొక్కాను జరీ గుడ్డ పక్కన పరిచి, గీతలు గీసి, ఎందుకైనా మంచిదని లోపల గుడ్డ కాస్త ఎక్కువే వదిలి, కత్తెర పెట్టాడు. అక్క మాట అక్కది, మేనల్లుడి మాట మేనల్లుడిది, ఇద్దరూ ఒకటే చెబుతుంటే తనెవరని సర్దిచెప్పుకున్నాడు. కత్తెర నడుస్తున్నంతసేపూ మాత్రం ఎవరినో తిడుతూనే ఉన్నాడు. ఎవరినని భార్య అడిగితే కత్తెరనన్నాడు.

కోటు బాగా కుదిరింది. మేకుకి తగిలిస్తే గదిలో తక్కిన కోట్లన్నీ వెలవెలబోయాయి.

పెళ్ళికి ముందురోజు పొద్దున్నే మేనల్లుడు తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. గుమ్మంలో చూసిన మరుక్షణం మాస్టరు చూపు మేకుకున్న కోటు మీదికి పోయింది. కుర్రాడి అందం చెడిపోలేదు గానీ, ఉద్యోగంలో కూర్చుని కూర్చుని గుండ్రంగా తేలాడు. చెంపలు నిండాయి. గడ్డం మెడ మీదికి దిగింది.

కోటు చేతులకు ఎక్కింది. భుజాల మీద పడింది. ముందుకొచ్చేసరికి రెండు అంచులూ ఎదురెదురుగా నిలబడి ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి. మధ్యలో జానెడు బనీను.

మేనల్లుడు ఊపిరి బిగబట్టాడు. మాస్టరు లాగాడు. పై గుండీ ఒకటి పడింది. మాట్లాడబోయి ఊపిరి వదిలేసరికి అదీ ఊడింది.

“ఇదేంట్రా తమ్ముడూ, ఇంత చిన్నగా కుట్టావు?” అంది అక్క. గొంతులో కోపం లేదు. అదే మాస్టరుకు మరీ కష్టంగా తోచింది.

ఆయన మేనల్లుడి కళ్ళలోకి చూశాడు. వాడు అద్దంలో నల్లమచ్చలు లెక్కపెడుతున్నాడు. ఇప్పుడైనా నోరు విప్పుతాడేమోనని మాస్టరు ఆగాడు. అక్క నెమ్మదిగా కుర్చీలో కూర్చుని, “పోనీలే, వాడు ముందే చెప్పాడు. నేనే వినలేదు. ఇప్పుడు షాపుకెళ్తే ఏదో ఒకటి దొరక్కపోదు. వియ్యపురాలితో నేనే మాట్లాడుకుంటాను,” అంది.

మాస్టరు అరవడానికి నోరు తెరిచాడు. ఈలోపు భార్య లోపలి నుంచి గళ్ళ చొక్కా తెచ్చి మేనల్లుడి చేతిలో పెట్టింది.

“అల్లుడూ, కోటు పక్కన పెట్టు. ఇది ఒకసారి తొడుగు.”

“ఎందుకత్తా...”

“తొడుగు నాయనా. మీ మావయ్య ఎక్కడ తప్పు చేశాడో చూద్దాం.”

తొడిగాడు. చొక్కా కూడా పడలేదు. కోటు ఎక్కడ ఆగిపోయిందో సరిగ్గా అక్కడే అదీ ఆగిపోయింది, అదే జానెడు ఎడంతో.

మేనల్లుడు చొక్కా విప్పుతూ నసిగాడు.

“అది... సంబంధం కుదిరినప్పుడు కొన్నానత్తా. పెళ్ళినాటికి అందులోకి దూరాలని. ఎదురుగా ఉంటే తిండి తగ్గిస్తానని బీరువాలో పైనే తగిలించా. పోయినసారి వచ్చినప్పుడు ఇంట్లోనే వదిలేసి వెళ్ళా.”

“దూరాలని కొన్న చొక్కానా?” అన్నాడు మాస్టరు. “నేను ఫోన్ చేసి అడిగినప్పుడు ఆ ముక్క చెప్పడానికి ఏమొచ్చిందిరా నీకు?”

“ఇంకా టైముంది కదా మావయ్యా, తగ్గుతాననుకున్నా. రోజూ పరిగెడుతున్నా కూడా.”

“ఎక్కడికి, హోటలుకా?”

అక్క చొక్కా కాలరు వేలితో తిప్పి చూసింది. “ఇస్త్రీ చేసి ఉంది, నలగలేదు, ఇదే బాగుందని నేనిచ్చాను,” అంది. “వాడు వదిలేసి వెళ్ళిన రోజువారీ చొక్కాలు కుర్చీ మీద కుప్పగా పడున్నాయి. అందులోంచి తీసిస్తే పరువు తక్కువనుకున్నా. నువ్వు అడిగినప్పుడు కూడా నీ మీదే విసుక్కున్నా.”

నమూనా తప్పయితే ఎంత బాగా కొలిచినా లెక్క తప్పే వస్తుంది. ఇందులో మాస్టరు కొలత ఎక్కడా తప్పలేదు. ఆ మాట అనుకుని ఊరట పడటానికి కూడా ఆయనకు తీరిక లేదు. మర్నాటి రిసెప్షన్‌కి కోటు కావాలి.

రెండు పక్కల కుట్లూ విప్పాడు. లోపల వదిలిన గుడ్డ చాల్లేదు, పైగా అనుకున్నట్టే పాత కుట్టు చిల్లులు వరసగా బయటపడ్డాయి. కాసేపు ఆ చిల్లుల వంకే చూశాడు. తర్వాత మడత పెట్టి ఉంచిన కండువా తీసి, భార్య వంక చూశాడు. ఆవిడ తలూపింది. ఎంతో మక్కువతో అంచు కుట్టిన కండువాను నిలువునా రెండు పట్టీలుగా కోసేసి, చంక నుంచి కింది అంచు దాకా చెరో పక్కనా అతికాడు. చిల్లులు ఆ అతుకుల్లోకి పోయాయి. జరీ పువ్వులు మాత్రం కలవలేదు. ముందువైపు పువ్వు పైకి చూస్తుంటే పట్టీలో పువ్వు పక్కకి చూస్తోంది. తన చేత్తో తను కుట్టిన పని మీద అతుకు వేయాల్సి వచ్చినందుకు ఆయన పళ్ళు కొరుకుతూనే ఉన్నాడు. భార్య లోపలి లైనింగు చేత్తో కుట్టింది. మేనల్లుణ్ణి మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి, అతుకుకి అతుకుకి మధ్య తొడిగించి చూశారు. వాడికి ఆ పూట కడుపునిండా అన్నం పెట్టి మరీ తొడిగించమన్నాడు మాస్టరు.

“ఇంకొంచెం తిను. రేపు ఎంత తింటావో అంతా ఇప్పుడే తిను. మళ్ళీ నన్ను చంపకు.”

మర్నాడు రిసెప్షన్‌లో అందరూ పెళ్ళికూతుర్ని చూస్తుంటే మాస్టరు పెళ్ళికొడుకు చంకలు చూస్తూ కూర్చున్నాడు. ఎవరైనా కరచాలనం చేస్తే కుర్చీ అంచుకు జరిగేవాడు. ఫోటోలు తీసేవాడు “చెయ్యి పైకెత్తండి సార్” అన్నప్పుడల్లా ఆ పక్కకు తిరిగిన పువ్వు బయటపడేది. ఎవరికీ అది కనపడలేదు. ఆయనకు తప్ప. పక్కనే సూటులో చెమటలు కక్కుతూ బావ మాత్రం ఆనందంగా ఉన్నాడు. స్నేహితులు చివరికి ఇటుక రంగుకే కుదిరినట్టున్నారు, ఒకడు తప్ప.

వియ్యపురాలు అక్క దగ్గరికొచ్చి, “కోటు బావుందండీ. మరి ఆ గుడ్డతో కండువా కూడా అన్నారు, వేయలేదే?” అంది.

మాస్టరు కుర్చీలోంచి లేవబోయాడు. ఏదో ఒక అబద్ధం చెప్పి అక్కను గట్టెక్కిద్దామని.

“కండువా కోటులోకే పోయిందండీ,” అంది అక్క, అందరికీ వినపడేలా. “నేను తప్పు ఆది ఇచ్చాను. మావాడు రోజూ వేసుకునేది ఇవ్వడానికి నామోషీ వేసి, వాడికి పట్టని కొత్త చొక్కా తీశాను. మా తమ్ముడు దాన్ని కోసి అతికి నిలబెట్టాడు. లేకపోతే మీ అల్లుడు ఇవాళ బనీనుతో నిలబడేవాడు.”

వియ్యపురాలు నవ్వేసింది. తను కూడా ఈ పెళ్ళికి కుట్టించుకున్న జాకెట్టులో ఊపిరాడక పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నానని చెప్పింది. ఇద్దరూ ఒకే సోఫాలో కూలబడ్డారు. మాస్టరు మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. అప్పటికి గానీ ఆయనకు ఆకలి తెలియలేదు.

ఆ పెళ్ళయ్యాక ఆయన కోటుకే కాదు, దేనికైనా ఆదిని అనుమానంగానే చూస్తున్నాడు. మా పాపకు బంధువుల పెళ్ళికని గౌను కుట్టించడానికి, దాని బట్టల్లోకెల్లా మంచిది వెతికి, ఇస్త్రీ చేసి, కవర్లో పెట్టి పట్టుకెళ్తే, ఆయన కవరు విప్పనైనా లేదు.

“ఇది వద్దమ్మా. ఇప్పుడు ఇంట్లో ఏది తొడుక్కుని ఆడుకుంటోందో అది పట్టుకురా. మాసినా పర్లేదు, మరకలున్నా పర్లేదు. బీరువాలోవి అబద్ధాలు చెబుతాయి.”

పాప ఒంటి మీది గౌను విప్పి, మెడ దగ్గర పాల మరకతో అలాగే పట్టుకెళ్ళి ఇచ్చాం. ఇప్పుడు మా ఇంట్లో ఎవరి బట్టలు కుట్టించాలన్నా ఆదికి వెళ్ళేది తీగ మీదిదో, కుర్చీ మీదిదో. బీరువా తెరవం.